మేం రోజూ వేసే అతుకు కొత్తదో పాతదో ఎవరు తేలుస్తారు?

ఎడిటర్ గారికి నమస్కారం.

చీమకుర్తి నుంచి రాస్తున్నాను. గ్రానైట్ కోసే బ్లేడ్లకు డైమండ్ సెగ్మెంట్లు, అంటే వజ్రపు పలుకులు కలిసిన లోహపు ముక్కలు అతికించే చిన్న షాపు మాది, ఈ పనినే బ్రేజింగ్ అంటారు. ఇరవై రెండేళ్లుగా ఇదే పని, నాతో పాటు నలుగురు పనిచేస్తారు. పేపర్లలో పేటెంట్ల గురించి వస్తే అది మందుల గురించో సెల్‌ఫోన్ల గురించో ఉంటుంది, మాలాంటి వాళ్ల పనికీ దానికీ సంబంధం ఉంటుందని పోయిన వేసవి దాకా నాకూ తెలియదు. ఇప్పుడు తెలిసింది కాబట్టి, నాలాంటి వాళ్లు ఇంకా చాలామంది ఉంటారు కాబట్టి ఈ ఉత్తరం. కాస్త పొడవైంది, వీలైతే మొత్తం వేయండి.

జరిగింది ఇదీ. ఒక కంపెనీ తరఫున అంటూ ఒకాయన వచ్చాడు. చేతిలో ప్రింటు తీసిన కాగితాల కట్ట ఉంది. మీరు సెగ్మెంట్లు అతికించే పద్ధతి మా కంపెనీ పేటెంట్‌లో ఉంది, ఇక నుంచి సోల్డరు (కరిగించి పెట్టే అతుకు లోహం), ఫ్లక్సు (అతుకు బాగా పట్టడానికి పూసే మందు) మా దగ్గరే కొనాలి, లేదంటే లైసెన్సు కింద ఏటా డబ్బు కట్టాలి, కట్టకపోతే కోర్టు నోటీసు వస్తుంది అన్నాడు. కాగితాలు ఇంగ్లీషులో ఉన్నాయి, పైన నంబరు ఉంది, బొమ్మలున్నాయి, ఆ బొమ్మల్లో ఉన్నది అచ్చం మా షాపులో ఉన్న ఏర్పాటే. రెండు రాత్రులు నిద్ర లేదు, ఆ టెన్షన్ మాటల్లో చెప్పలేను. పక్క షాపు ఆయన అయితే భయపడి వాళ్ల సోల్డరు ఆర్డరు కూడా పెట్టేశాడు.

మా అమ్మాయి బీటెక్ మెకానికల్ చదువుతోంది. సెలవులకి వచ్చినప్పుడు ఆ నంబరు పేటెంట్ ఆఫీసు వెబ్‌సైట్లో కొట్టి చూసింది. ఇన్‌పాస్ అని ఉంటుంది, పైసా కట్టకుండా ఎవరైనా వెతకొచ్చు. చూస్తే అది పేటెంటే కాదు, అప్లికేషన్! ప్రచురణ మాత్రమే అయింది, పరీక్ష ఇంకా జరగలేదు. అంటే ఆయన తెచ్చింది పరీక్ష ఫీజు కట్టిన రసీదు లాంటిది, దాన్ని పాసైన సర్టిఫికెట్ అని చూపించాడు. ఈ తేడా తెలియక మా రోడ్డులో ఎంతమంది డబ్బు కట్టారో నాకు తెలియదు.

అప్లికేషన్ వేసిన 18 నెలలకి మామూలుగా అది పేటెంట్ ఆఫీసు వాళ్ల జర్నల్లో వస్తుంది, ఆ జర్నల్ ప్రతి శుక్రవారం వస్తుంది. దానంతట అదే పరీక్షకి పోదు, విడిగా ఫారం పెట్టి ఫీజు కడితేనే పోతుంది. అప్పుడు ఎగ్జామినర్, అంటే అప్లికేషన్ని పరీక్షించే పేటెంట్ ఆఫీసు అధికారి, పాత కాగితాలన్నీ వెతికి మొదటి రిపోర్టు ఇస్తాడు, దానికి 6 నెలల్లో జవాబు చెప్పుకోవాలి, ఆ తర్వాతే మంజూరో తిరస్కరణో. మంజూరు అయితే హక్కు లెక్క ప్రచురణ తేదీ దాకా వెనక్కి పోతుందన్న మాట నిజమే, కానీ మంజూరు కాకుండా ఎవరిమీదా కేసు వేయడానికి లేదు. పేటెంట్ చట్టంలో 11ఎ సెక్షన్లోనే ఉంది ఆ మాట. నోటీసు పంపుతా అని బెదిరించే వాళ్లను అడగాల్సిన మొదటి ప్రశ్న ఒక్కటే: మంజూరు నంబరు ఎంత?

సరే, అసలు విషయానికి వస్తాను. ఆ అప్లికేషన్లో మొదటి క్లెయిమ్, అంటే ఇది మాది, దీని మీద హక్కు కావాలి అని అడిగిన మాట, మా అమ్మాయి తెలుగులో చెప్పింది. వజ్రం కలిగిన భాగాన్ని, లోహపు భాగాన్ని శుభ్రం చేయడం, మధ్యలో ఫ్లక్సు, వెండి కలిసిన అతుకు లోహం పెట్టడం, ఇండక్షన్‌తో వేడి చేయడం, వేడి మీద ఒత్తి పట్టుకోవడం, చల్లార్చడం. అంతే. ఎంత వేడి అన్నది లేదు, ఎంతసేపు అన్నది లేదు, వెండి ఎంత పాలు అన్నది లేదు, ఎంత ఒత్తిడి అన్నది లేదు. ఇది విని మా షాపులో పెద్దాయన, నాకు ఈ పని నేర్పిన ఆయనే, ఇందులో వాళ్లు కనిపెట్టింది ఏది అని అడిగాడు. నేను కూడా అదే అడుగుతున్నాను.

పని తెలియని వాళ్ల కోసం కొంచెం చెప్పాలి. మేం వాడే డైమండ్ ఉంగరంలో రాయి కాదు, పంచదార పలుకు కన్నా చిన్నగా ఉండే కృత్రిమ వజ్రం. వాటిని కోబాల్టు, ఇనుము, కంచు లాంటి లోహపు పొడుల్లో కలిపి వేడి మీద నొక్కితే వేలెడంత ఇటుక ముక్క లాంటిది వస్తుంది, అదే సెగ్మెంట్. పెద్ద బ్లేడుకి అలాంటివి వందకు పైగా పడతాయి. అరిగిపోయిన బ్లేడు మా దగ్గరికి వస్తే పాత ముక్కలు ఊడదీసి, అంచు సాపు చేసి, కొత్తవి ఒక్కొక్కటే అతికిస్తాం. వెండి అతుకు 650, 700 డిగ్రీల మధ్య కరుగుతుంది. ఫ్లక్సు మొదట తెల్లగా నురగ కడుతుంది, తర్వాత ఒక్కసారిగా నీళ్లలా తేరుకుంటుంది, అది తేరుకుందంటే 600 దాటిందని మా గుర్తు. ఇంకొంచెం ఆగితే అతుకు మెరుస్తూ అంచు పొడవునా పారుతుంది, ఆ క్షణంలో ఒత్తాలి. ఆలస్యమైతే రెండు నష్టాలు. బ్లేడు ఉక్కుకి ఉన్న బిగువు పోయి తిరిగేటప్పుడు ఊగుతుంది, ఇనుము కోబాల్టు పక్కన ఉన్న వజ్రం ఎక్కువ వేడికి బలం పోగొట్టుకుని మళ్లీ బొగ్గు వైపు నడవడం మొదలుపెడుతుంది. తొందరపడితే అతుకు సగమే పారుతుంది, పైకి బాగానే కనిపిస్తుంది, రాయి మీద పెట్టాక ముక్క ఊడి తూటాలా వస్తుంది. మా దగ్గర పనిచేసిన ఒకతని భుజం అలాగే పోయింది, వేరే యూనిట్లో. అందుకే నాకు ఈ అంకెల మీద ఇంత పట్టింపు. ఈ పనిలో 50 డిగ్రీల తేడా అంటే మంచి అతుక్కీ ఆసుపత్రికీ ఉన్న తేడా.

ఇంకో సంగతి. మేం అతికించేది సెగ్మెంట్ లోహాన్ని ఉక్కుకి, అసలు వజ్రాన్ని కాదు. వజ్రాన్నే నేరుగా లోహానికి అతికించడం పూర్తిగా వేరే విద్య. కరిగిన వెండి, రాగి వజ్రం మీద తామరాకు మీద నీటిబొట్టులా నిలబడతాయి, తడపవు. టైటానియం లాంటిది కొంచెం కలిపితే అది వజ్రంలోని కార్బన్‌తో కలిసి పలచని పొర కడుతుంది, అప్పుడు పట్టుకుంటుంది. అదీ గాలిలో కాదు, వ్యాక్యూమ్ కొలిమిలో. పైగా వేడికి ఉక్కు సాగినంతలో చిన్న వంతే వజ్రం సాగుతుంది, చల్లారేటప్పుడు లోహం ముడుచుకుని వజ్రాన్ని పిండుతుంది, అతుకు దగ్గర పగులు అక్కడే మొదలవుతుంది. ఈ పగులు రాకుండా ఎవరైనా కొత్త మిశ్రమమో, మధ్యలో కొత్త పొరో, వేడి దింపే కొత్త పద్ధతో కనిపెడితే వాళ్లకి పేటెంట్ ఇవ్వాల్సిందే, 20 ఏళ్లు హక్కు ఉండాల్సిందే, నేనే ముందు డబ్బు కట్టి నేర్చుకుంటాను. కానీ ఆ అప్లికేషన్లో "వజ్రం కలిగిన భాగం" అని ఒక్క మాట రాసి మా సెగ్మెంట్నీ, ఆ కష్టమైన వజ్రపు అతుకునీ ఒకే గాటన కట్టేశారు. లోపల ఎక్కడో ఉదాహరణల్లో టైటానియం మాట ఉందట. చేసింది అది అయితే హక్కు అడగాల్సింది కూడా దానికే కదా! క్లెయిమ్ స్పష్టంగా ఉండాలి, స్పెసిఫికేషన్లో (అప్లికేషన్‌తో ఇచ్చే పూర్తి వివరణలో) చెప్పినదాన్ని మించకూడదు, తనకు తెలిసిన అత్యుత్తమ పద్ధతి దాచకుండా రాయాలి అని చట్టం 10వ సెక్షన్ చెబుతోంది. జోడించే పద్ధతి మీద వచ్చిన ప్రతి అప్లికేషన్నీ ఎగ్జామినర్లు ముందు ఈ సెక్షన్ దగ్గర నిలబెట్టి అడగాలి: వేడి ఎంత, సమయం ఎంత, మిశ్రమం ఏది, ఏ రెండు పదార్థాల మధ్య?

అంకెలు అడగడం చాదస్తం కాదు. అమెరికాలో యూఎస్ సింథటిక్ అనే కంపెనీ కేసు ఉంది. వాళ్లు చేసేది చమురు బావులు తవ్వే బిట్లకు వాడే డైమండ్ కట్టర్లు, అంటే వజ్రపు పొడిని టంగ్‌స్టన్ కార్బైడ్ మీద పెట్టి దాదాపు 1,400 డిగ్రీల వేడిలో, మనం ఊహించలేని ఒత్తిడిలో, కోబాల్టు సాయంతో ఒకటిగా అతికించినవి. ఆ కట్టర్‌కి ఎంత అయస్కాంత గుణం ఉందో కొలిచి ఆ అంకెల్ని క్లెయిమ్‌లో పెట్టారు, ఎందుకంటే లోపల కోబాల్టు ఎంత మిగిలిందో, వజ్రాలు ఒకదానికొకటి ఎంత గట్టిగా పట్టుకున్నాయో కోసి చూడకుండా ఆ కొలతతో తెలుస్తుంది. అక్కడి ట్రేడ్ కమిషన్ 2022లో ఇదంతా వట్టి భావన, పేటెంట్‌కి పనికిరాదు అంది. 2025 ఫిబ్రవరి 13న అప్పీలు కోర్టు ఆ తీర్పు కొట్టేసింది, ఇది వట్టి భావన కాదు, నిజమైన వస్తువు, ఆ కొలతలు దాని లోపలి నిర్మాణం గురించి చెబుతున్నాయి అంది. మన చట్టం వేరు, వాళ్ల చట్టం వేరు, ఆ ప్రశ్న కూడా వేరు. కానీ అతుకు లోపల ఏముందో అంకెల్లో చెప్పగలిగారు కాబట్టే అంత పెద్ద కోర్టులో నిలబడ్డారు అని నాకు అర్థమైంది. మా దగ్గరికి వచ్చిన కాగితంలో అలాంటి అంకె మొదటి క్లెయిమ్‌లో ఒక్కటీ లేదు.

ఇప్పుడు నా అసలు బాధ. ఎగ్జామినర్ తప్పు చేస్తాడని నేను అనడం లేదు. ఆయన వెతికేది కాగితాల్లో. 13వ సెక్షన్ ప్రకారం ఆయన చూసేది ఇంతకుముందు ఎక్కడైనా ప్రచురించారా, ఇంకెవరైనా ముందే క్లెయిమ్ చేశారా అని. పాత పేటెంట్లు, జర్నళ్లు, పుస్తకాలు చూస్తాడు. చీమకుర్తిలో, కరీంనగర్‌లో షాపుల వాళ్లు ఏళ్ల తరబడి ఏం చేస్తున్నారో ఏ పుస్తకంలో ఉంది? మా పెద్దాయన ఎవరి దగ్గరో చూసి నేర్చుకున్నాడు, నేను ఆయన దగ్గర చూసి నేర్చుకున్నాను, మధ్యలో ఒక్క కాగితం లేదు. రాయని విద్య ఎగ్జామినర్ కంటికి లేని విద్యే. అలా లేని విద్య అనుకుని ఇంకెవరికో హక్కు రాసిస్తే, రేపు మా పనికి మేమే దొంగలం అవుతాం.

రాయకపోతే ఏమవుతుందో ఈ కృత్రిమ వజ్రం చరిత్రలోనే ఉంది. స్వీడన్‌లో ఏసియా అనే కంపెనీ వాళ్లు 1953లోనే వజ్రం తయారు చేశారు, కానీ గుట్టుగా ఉంచుకున్నారు. జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లు 1954 డిసెంబర్‌లో చేసి 1955 ఫిబ్రవరిలో లోకానికి చెప్పారు. ఇవాళ ఎవరిని అడిగినా మొదట చేసింది జనరల్ ఎలక్ట్రిక్ అనే చెబుతారు. అంత పెద్ద కంపెనీకే అలా జరిగితే మేమెంత.

అయితే చట్టంలో మాకు దారి లేదా అంటే ఉంది, అదే ఈ ఉత్తరంలో నేను అందరికీ చెప్పాలనుకున్నది. మంజూరు కాకముందు ఎవరైనా అభ్యంతరం పెట్టొచ్చు. 25(1) సెక్షన్. ఎవరైనా అంటే ఎవరైనా, లాయరే కానక్కర్లేదు, పోటీ కంపెనీయే కానక్కర్లేదు. ప్రచురణ అయిన 6 నెలల లోపు ఎలాగూ మంజూరు చేయకూడదు, కాబట్టి ఆ 6 నెలలు ఖాయంగా చేతిలో ఉంటాయి. ఈ పద్ధతి అప్పటికే మన దేశంలో అందరికీ తెలిసిందే, వాడుకలో ఉన్నదే అన్నది అక్కడ చెల్లే అభ్యంతరం. ఇంకో మాట చాలామందికి తెలియదు: ఆ పద్ధతిలో తయారైన వస్తువు అప్లికేషన్ తేదీకి ముందే మన దేశంలోకి దిగుమతి అయి ఉంటే, ట్రయల్ కోసం తెచ్చింది కాకపోతే, ఆ పద్ధతి ఇక్కడ తెలిసినట్టే లెక్క అని ఆ సెక్షన్ కిందనే వివరణ ఉంది. మన క్వారీల్లో, ఫ్యాక్టరీల్లో విదేశీ బ్లేడ్లు ఎన్నేళ్లుగా తిరుగుతున్నాయో చెప్పాలా? వాటి దిగుమతి బిల్లులు బీరువాల్లో ఉన్నాయి. ఆ పాత బిల్లే రేపు మా తరఫున సాక్ష్యం. ఈ అభ్యంతరానికి ఇంతకుముందు ఫీజు ఉండేది కాదు, 2024 రూల్సులో పెట్టారు. ఊరికే అడ్డం పడేవాళ్లను ఆపడానికి అన్నారు. కానీ బ్రేజింగ్ షాపు వాడికీ అదే గుమ్మం కదా, చిన్న పరిశ్రమలకైనా తీసేయాలి.

మంజూరు అయిపోయినా అంతటితో అయిపోదు. పేటెంట్ ఆఫీసు పరీక్ష చేసి ఇచ్చినంత మాత్రాన ఆ పేటెంట్ చెల్లుతుందని హామీ ఏమీ లేదని చట్టంలోనే రాసుంది. మీర్జాపూర్‌లో ఇత్తడి గిన్నెలు చేసే వాళ్ల మధ్య ఇలాంటి గొడవే నడిచింది. లేత్ మీద గిన్నెను పట్టి తిప్పే పద్ధతికి హిందుస్థాన్ మెటల్ ఇండస్ట్రీస్ వాళ్లు 1951లో పేటెంట్ వేసి తీసుకున్నారు, అదే పని చేస్తున్న బిశ్వనాథ్ ప్రసాద్ రాధేశ్యామ్ వాళ్ల మీద కేసు పెట్టారు. అది సుప్రీంకోర్టు దాకా పోయింది. 1978 డిసెంబర్ 13న కోర్టు ఆ పేటెంట్ చెల్లదని తేల్చింది, వర్క్‌షాపులో పనివాడు మామూలుగా చేసుకునే చిన్న మార్పు కన్నా ఎక్కువ ఏదో ఉండాలి అంది. పేటెంట్ లాయర్లు ఇవాళ్టికీ ఈ తీర్పే చెబుతారట. నాకు ఆ తీర్పులో సంతోషం ఉంది, బాధ కూడా ఉంది. గిన్నెలు చేసేవాడు న్యాయం కోసం ఇరవై ఏళ్లకు పైగా ఎదురు చూడాల్సి వచ్చింది. అన్నేళ్లు మా షాపు ఆగగలదా?

అదే తీర్పును పట్టుకుని నిజంగా కొత్తది కనిపెట్టిన పనివాడి అప్లికేషన్ని కూడా ఇది వర్క్‌షాపు మార్పే, తెలిసిన ప్రాసెస్ వాడకమే, చట్టంలో 3(డి) సెక్షన్ కింద ఇవ్వం అని ఒక్క లైన్లో తోసేస్తే అదీ అన్యాయమే. పద్ధతి పేర్లు పాతవే ఉంటాయి. వేడి చేయడం, ఒత్తడం, చల్లార్చడం ఎవరు కనిపెట్టినా అవే. ఏ వేడిలో, ఏ వరసలో, ఏ పదార్థంతో చేస్తే అంతకుముందు పగిలేది ఇప్పుడు పగలకుండా ఉందో చూడాలి. ముక్కను లాగి ఎంత బలానికి ఊడిందో పరీక్ష చేసిన అంకెలు అడగాలి, పాత పద్ధతి అంకెల పక్కన పెట్టి చూడాలి. హైదరాబాద్‌లో బాలాపూర్ దగ్గర ఏఆర్‌సీఐ ఉంది, లోహపు పొడుల మీద, కొత్త పదార్థాల మీద పనిచేసే కేంద్ర ప్రభుత్వ సంస్థ. ఇలాంటి అప్లికేషన్లు వచ్చినప్పుడు అలాంటి చోట ఉన్న వాళ్లను పిలిచి అడిగే అలవాటు పెట్టాలి.

ఇక ప్రభుత్వాన్ని అడిగేది. పసుపు గాయాలు మాన్పుతుందని అమెరికాలో 1995లో పేటెంట్ ఇచ్చారు, మన కేంద్ర ప్రభుత్వ పరిశోధన సంస్థ సీఎస్ఐఆర్ పాత గ్రంథాలు చూపించి 1997లో దాన్ని రద్దు చేయించింది. ఆ దెబ్బతో మన పాత వైద్య గ్రంథాల్లో ఉన్న విద్య కంప్యూటర్లోకి ఎక్కించి, వేరే దేశాల ఎగ్జామినర్లు కూడా వెతుక్కునేలా ఒక లైబ్రరీ కట్టారు. చాలా మంచి పని. పసుపుకి ఉన్న లైబ్రరీ మా చేతి పనికి ఎందుకు లేదు? బ్రేజింగ్, పోత, వేడి పెట్టి గట్టిపరచడం, రాయి కోత, ఇవన్నీ చేసేవాళ్లు జిల్లాకి వందల మంది ఉన్నారు. జిల్లా పరిశ్రమల కేంద్రం వాళ్లు ఒక పాలిటెక్నిక్ లెక్చరర్ని, ఒక కెమెరాని పంపితే నెల రోజుల్లో మా రోడ్డులో ఉన్న పద్ధతులన్నీ తేదీతో సహా రికార్డవుతాయి. అది ప్రచురిస్తే ఎగ్జామినర్ వెతికినప్పుడు దొరుకుతుంది, దొరికితే చాలు.

రెండోది భాష. అప్లికేషన్లు ఇంగ్లీషులోనో హిందీలోనో మాత్రమే ఉంటాయి. రెండు తెలుగు రాష్ట్రాలూ చెన్నై పేటెంట్ ఆఫీసు కిందికి వస్తాయి. మొత్తం తెలుగులో వేయమని అడగడం లేదు, సారాంశం ఒక్క పేరా తెలుగులో పెడితే మా బోటి వాళ్లు జర్నల్ చూసుకోగలరు. లేకపోతే అభ్యంతరం పెట్టే హక్కు అందరికీ ఉన్నా అది మాకు తెలిసేది ఎవరో వచ్చి బెదిరించినప్పుడే. ఎడిటర్ గారూ, మీ బిజినెస్ పేజీలో వారానికి నాలుగు లైన్లు, మన జిల్లాల పనులకు సంబంధించి ఏ అప్లికేషన్లు ప్రచురణ అయ్యాయో వేయగలిగితే అది చాలా మందికి బువ్వ నిలబెడుతుంది.

మా సంగతి చెప్పి ముగిస్తాను. ఆ అప్లికేషన్ ఇంకా పరీక్షలోనే ఉంది. మేం ఏడుగురం షాపుల వాళ్లం కలిసి అభ్యంతరం తయారు చేస్తున్నాం. ఇండక్షన్ మెషిన్ కొన్న పాత బిల్లు ఒకాయన దగ్గర దొరికింది. నా దగ్గర 2009లో మా షాపు కొత్త షెడ్డు తెరిచినప్పుడు తీసిన ఫోటో ఉంది, వెనక సెగ్మెంట్లు అతికిస్తున్న బ్లేడు స్పష్టంగా కనిపిస్తోంది, కింద తేదీ ముద్ర కూడా ఉంది. పెద్దాయన తను ఎప్పటి నుంచి ఏ వేడిలో ఎలా చేస్తున్నాడో చెబుతుంటే మా అమ్మాయి రాసుకుంటోంది, నోటరీ దగ్గర సంతకం చేయిస్తాం. పక్క షాపు ఆయన ఆర్డరు వెనక్కి తీసుకున్నాడు. ఆ కాగితాలు పట్టుకుని ఇంకెవరి దగ్గరికైనా మనిషి వచ్చి ఉంటే డబ్బు కట్టే ముందు నంబరు కొట్టి చూడండి. బ్లేడ్లు, సోల్డరు, మెషిన్లు కొన్న పాత బిల్లులు, ముఖ్యంగా విదేశీ బ్లేడ్లవి, చెదలు పట్టినా సరే పారేయకండి.

ఇట్లు,
ఒక బ్రేజింగ్ షాపు యజమాని,
చీమకుర్తి, ప్రకాశం జిల్లా